యానిమేషన్ టూల్స్ మనమే తయారు చేసుకోవచ్చా? – పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

వెబ్‌లో కదిలే బొమ్మల గురించి ఈ నెల అందిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మెనూలతో సరిపెట్టుకోవాలా, మన పనికి తగిన టూల్‌ను మనమే రాసుకోవచ్చా? వాటిలో కొన్నిటిని ఎంచి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. స్క్రిప్టుల్లోని ఆంగ్ల పదాలను తెలుగు లిపిలోనే రాశాం. ప్రయత్నించి చూసేవారు వాటిని ఆంగ్ల అక్షరాల్లో టైపు చేసుకోవాలి.

ప్రశ్న: చాలా ఏళ్ల క్రితం హైదరాబాద్‌లో మల్టీమీడియా కోర్సు చేసినప్పుడు ఫ్లాష్‌లో తయారు చేసిన ఆటలు, గ్రీటింగ్ కార్డులు, పొడుపుకథల సీడీ నా దగ్గర ఇంకా ఉన్నాయి. కొన్నిటికి తయారీ సాఫ్ట్‌వేరులో దిద్దుకోగలిగే ఎఫ్ఎల్ఏ ఫైళ్లు ఉన్నాయి, కొన్నిటికి ప్లేయరులో ఆడించే ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైళ్లే మిగిలాయి. వీటిని మళ్లీ కదిలించగలమా? లేక ఆ చదువంతా వృథా పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: కదిలించవచ్చు. అయితే ఫ్లాష్ ప్లేయరు వేరు, ఫ్లాష్ తయారీ సాఫ్ట్‌వేర్ వేరు అన్న సంగతి ముందు గుర్తుంచుకోవాలి. జొనాథన్ గే బృందం ఫ్యూచర్‌వేవ్ సంస్థలో రూపొందించిన ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్‌ను 1996 చివర మాక్రోమీడియా కొనుగోలు చేసి ఫ్లాష్ అని పేరు మార్చింది. 2005లో మాక్రోమీడియాతో పాటే అది అడోబీ చేతికి వచ్చింది. బ్రౌజర్లలో నడిచే ప్లేయరుకు 2020 డిసెంబరు 31తో అడోబీ మద్దతు ఆపివేసింది, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరు తనంతట తానే ఫైళ్లను నడపడం మానేసింది. తయారీ సాఫ్ట్‌వేర్ మాత్రం అంతకు ముందే, 2016లోనే, యానిమేట్ అని పేరు మార్చుకుని, ప్లేయరు అవసరం లేని హెచ్‌టీఎంఎల్5 కాన్వాస్‌కు కూడా ఎగుమతి చేసే సాధనంగా కొనసాగింది. కనుమరుగైంది ప్లేయరే.

మీ ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలును ఏదైనా హెక్స్ వ్యూయరులో (ఫైలులోని బైట్లను ఉన్నవున్నట్టు చూపే ప్రోగ్రాములో) తెరిచి మొదటి మూడు అక్షరాలు చూడండి. ఎఫ్, డబ్ల్యూ, ఎస్ అని ఉంటే అది కుదించని ఫైలు. సి, డబ్ల్యూ, ఎస్ అని ఉంటే జడ్‌లిబ్ పద్ధతిలోనూ, జడ్, డబ్ల్యూ, ఎస్ అని ఉంటే ఎల్‌జడ్ఎంఏ పద్ధతిలోనూ కుదించినది. నాలుగో బైటు వెర్షను సంఖ్య. ఆ సంఖ్య 9 కంటే తక్కువైతే లోపల యాక్షన్‌స్క్రిప్ట్ 3 (ఫ్లాష్ స్క్రిప్టు భాష మూడో తరం) ఉండే అవకాశం లేదు, కాబట్టి రఫుల్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటరులో, అంటే పాత ప్లేయరును అనుకరించే ప్రోగ్రాములో, అది చక్కగా నడిచే అవకాశం ఎక్కువ. రస్ట్ భాషలో రాసిన ఈ ఎమ్యులేటరు బ్రౌజరులో ఏ ప్లగిన్ లేకుండానే పనిచేస్తుంది; ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరులో పాత ఫ్లాష్ ఆటలను మళ్లీ ఆడించడం మొదలుపెట్టింది దీని సాయంతోనే. యాక్షన్‌స్క్రిప్ట్ 3తో చేసిన వాటిలో కొన్ని నడుస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. ఒక్కొక్కటీ పెట్టి చూడడమే మార్గం.

ఎఫ్ఎల్ఏ పోయిన వాటి నుంచి బొమ్మలు, శబ్దాలు, స్క్రిప్టులు వెలికి తీయడానికి జెపెక్స్ ఫ్రీ ఫ్లాష్ డీకంపైలర్ ఉపకరిస్తుంది. ఇక ఎఫ్ఎల్ఏ ఉన్నవాటిలో సీఎస్5 లేదా ఆ తర్వాతి వెర్షన్లలో భద్రపరిచినవి మీ అదృష్టం కొద్దీ జిప్ ఫైళ్లే. నకలు తీసి, పేరు చివర జిప్ అని మార్చి విప్పితే లోపల డామ్‌డాక్యుమెంట్ అనే ఎక్స్ఎమ్ఎల్ ఫైలు, లైబ్రరీ ఫోల్డరు కనిపిస్తాయి. లేయర్లు, కీఫ్రేములు (మార్పు జరిగే ఫ్రేములు), సింబళ్ల (మళ్లీ మళ్లీ వాడుకునేలా దాచిన బొమ్మల) పేర్లు అన్నీ అందులో మామూలు పాఠంగా ఉంటాయి, కాబట్టి ఏ భాషలోనైనా పది ఇరవై వరుసల స్క్రిప్టు రాసి వాటిని చదువుకోవచ్చు. చదువు వృథా పోయిందా అన్నారు గానీ, కీఫ్రేము, ట్వీను (రెండు కీఫ్రేముల మధ్య కదలికను సాఫ్ట్‌వేరే నింపడం), సింబలు తెలిసినవారికి నేటి ఏ యానిమేషన్ సాఫ్ట్‌వేరూ పూర్తిగా కొత్తగా అనిపించదు.

ప్రశ్న: పిల్లల పాటల వీడియోలు చేసే చిన్న స్టూడియో మాది. యానిమేట్‌లో పాత్రల నోటి కదలికలు ఒక్కొక్క ఫ్రేముకూ చేతితో కుదర్చడానికే సగం రోజు పడుతోంది. నోటి ఆకారాలు మా లెక్క ప్రకారం, తెలుగు పలుకుబడికి తగినట్టు పడేలా టూల్ రాసుకోవాలని ఉంది. నాకు జావాస్క్రిప్టు ఓ మాదిరిగా వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక యానిమేటరు, గుంటూరు

సమాధానం: ఓ మాదిరి జావాస్క్రిప్టు చాలు. 2003లో వెలువడిన ఫ్లాష్ ఎమ్ఎక్స్ 2004 నుంచి ఈ సాఫ్ట్‌వేరులో జేఎస్ఎఫ్ఎల్ అనే స్క్రిప్టు సదుపాయం ఉంది. యాక్షన్‌స్క్రిప్టు ప్రేక్షకుడి ఎదుట నడిచేదైతే, జేఎస్ఎఫ్ఎల్ మీ స్టూడియోలో, బొమ్మ తయారవుతున్నప్పుడు నడుస్తుంది; మీరు మౌసుతో చేసే పనులనే అది మీ తరఫున చేస్తుంది. ప్లేయరుతో దీనికి సంబంధం లేదు గనుకనే, ప్లేయరు పోయినా ఈ సదుపాయం యానిమేట్‌లో నిలిచింది. రాసిన ఫైలును కాన్ఫిగరేషన్ ఫోల్డరులోని కమాండ్స్ ఫోల్డరులో పెడితే కమాండ్స్ మెనూలో దాని పేరు కనిపిస్తుంది. ఏ పనికి ఏ వాక్యం రాయాలో తోచనప్పుడు ఆ పనిని ఒకసారి చేతితో చేసి, హిస్టరీ ప్యానెల్‌లో ఆ మెట్లను ఎంచి కాపీ చేసి, టెక్స్ట్ ఎడిటరులో అతికించండి. స్క్రిప్టు వాక్యాలు వాటంతటవే వస్తాయి. పుస్తకాలు తిరగేయడం కంటే ఇలా నేర్చుకోవడం త్వరగా అవుతుందని నా అభిప్రాయం.

మీ పనిని రెండు భాగాలుగా విడదీయండి. మొదటిది, గొంతును నోటి ఆకారాల పట్టికగా మార్చడం. దీన్ని మీరు రాయనక్కరలేదు. రూబార్బ్ లిప్ సింక్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ధ్వని ఫైలును విని, ఏ సెకనుకు ఏ ఆకారమో ఒక్కొక్క వరుసగా రాసి ఇస్తుంది. ఆకారాలకు అది ఆంగ్ల అక్షరాలు పెట్టింది: ఏ అంటే పెదవులు మూసిన నోరు, ఎక్స్ అంటే మాట లేనప్పటి నోరు, మిగతావి రకరకాలుగా తెరిచిన నోళ్లు. ఆంగ్లం కాని భాషలకు అందులో ఫొనెటిక్ అనే విడి పద్ధతి ఉంది, తెలుగుకు దాన్నే ఎంచుకోవాలి. వాయిద్యాలు కలవని గొంతు ట్రాకును మాత్రమే ఇవ్వండి, తబలా దెబ్బకు కూడా నోరు తెరిచే పాత్ర మనకు వద్దు.

రెండో భాగం మీరు రాయవలసిన జేఎస్ఎఫ్ఎల్. ముందుగా నోటిని ఒక గ్రాఫిక్ సింబలుగా చేసి, దాని లోపలి టైమ్‌లైన్‌లో ఒక్కొక్క ఫ్రేములో ఒక్కొక్క ఆకారం గీసి ఉంచండి. ప్రధాన టైమ్‌లైన్‌లో నోటికి విడిగా ఒక లేయరు ఉండాలి. స్క్రిప్టు పట్టికను ఎఫ్ఎల్‌ఫైల్ సదుపాయంతో చదివి, ఒక్కొక్క వరుసలోని సెకన్లను డాక్యుమెంటు ఫ్రేమ్‌రేటుతో గుణించాలి. ఉదాహరణకు 1.27 సెకన్ల దగ్గర పెదవులు మూయాలని ఉంటే, 24 ఫ్రేముల రేటు మీద 30.48 వస్తుంది, దాన్ని 30గా సవరించాలి. ఆ స్థానంలో కీఫ్రేము చొప్పించి, అక్కడి నోటి సింబలుకు లూప్ లక్షణాన్ని సింగిల్ ఫ్రేమ్‌గానూ, ఫస్ట్‌ఫ్రేమ్ లక్షణాన్ని కావలసిన ఆకారపు సంఖ్యగానూ మార్చాలి. టూల్ గుండెకాయ ఇంతే.

చిక్కులన్నీ అంచుల్లో ఉంటాయి. జేఎస్ఎఫ్ఎల్ ఫ్రేములను 0 నుంచి లెక్కిస్తుంది, టైమ్‌లైన్ 1 నుంచి చూపిస్తుంది. కాబట్టి స్క్రిప్టు 30 అన్న చోటు మీ కళ్లకు 31వ ఫ్రేముగా కనిపిస్తుంది. లేయరులోని ఫ్రేముల జాబితాలో ప్రతి ఫ్రేముకూ ఒక నమోదు ఉంటుంది గానీ, ఒక కీఫ్రేము పరిధిలోనివన్నీ అదే వస్తువును సూచిస్తాయి. ఆ నమోదులోని స్టార్ట్‌ఫ్రేమ్ విలువ మీరున్న స్థానంతో సమానమైనప్పుడే అది అసలు కీఫ్రేము అని గ్రహించాలి. ఈ పరీక్ష పెట్టకుండా రాసిన స్క్రిప్టు ఒకే మార్పును పదేసి సార్లు చేస్తుంది. డాక్యుమెంటు నుంచి టైమ్‌లైన్ అడిగినప్పుడు, మీరు ఆ క్షణంలో ఏదైనా సింబలు లోపల ఉంటే ఆ సింబలు టైమ్‌లైనే చేతికి వస్తుంది, కనుక మొదటి వరుసలోనే టైమ్‌లైన్ పేరును అవుట్‌పుట్ ప్యానెల్‌లో రాయించి చూసుకోవడం క్షేమం. వస్తువులను ఎంపిక చేసి మార్చే ఆదేశాలు తాళం వేసిన లేయర్ల మీద పనిచేయవు. అందుకే ఎంపిక జోలికి పోకుండా ఫ్రేములోని ఎలిమెంట్లను నేరుగా పట్టుకోండి. రాత పాత జావాస్క్రిప్టు పద్ధతిలోనే ఉండాలి: చలరాశులకు వర్ వాడండి, 2015 నుంచి వచ్చిన కొత్త రాతలను నమ్ముకోవద్దు.

ఇంతవరకు చేస్తే నోరు కదులుతుంది గానీ, తెలుగు పలుకుతున్నట్టు ఉండదు. అందుకు పట్టికను కొంత దిద్దాలి. ప, ఫ, బ, భ, మ అక్షరాల దగ్గర పెదవులు కలవకపోతే చిన్నపిల్లలు కూడా పసిగడతారు, కాబట్టి రెండు ఆకారాల మధ్య ఎడం రెండు ఫ్రేముల కంటే తగ్గినప్పుడు ఒకదాన్ని తీసివేయవలసి వస్తే మూసిన పెదవులను మాత్రం ఎన్నడూ తీయకూడదు అన్న నియమం పెట్టండి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, పాటలో ఆ అచ్చు సాగుతుంది కూడా. అందువల్ల మాటకూ మాటకూ మధ్య వచ్చే ఎక్స్ ఆకారం నాలుగైదు ఫ్రేములకు మించనప్పుడు దాన్ని తొలగించి ముందు ఆకారాన్నే కొనసాగించండి. ఈ రెండు నియమాలూ మీ టూల్‌లో పైనే, విడి అంకెలుగా ఉండాలి. జోలపాటకు ఒక విలువ, చెమ్మచెక్క పాటకు మరొక విలువ పెట్టి చూడగలిగితేనే ప్రయోగం సాగుతుంది. యానిమేట్‌లో 2018 నుంచి ఆటోమేటిక్ లిప్ సింక్ అంతర్భాగంగానే ఉంది, దాన్నీ ఒకసారి పోల్చి చూడండి. అయితే ఇలాంటి నియమాలను మార్చుకునే స్వేచ్ఛ సొంత స్క్రిప్టులోనే దొరుకుతుంది.

ప్రశ్న: జేఎస్ఎఫ్ఎల్ కమాండ్లు కొన్ని రాశాను. వాటికి బటన్లు, పెట్టెలు ఉన్న ప్యానెల్ చేయాలా? గీసే టూల్‌ను కూడా కొత్తగా చేర్చవచ్చని విన్నాను, నిజమేనా?
– ఒక డిజైనరు, విశాఖపట్నం

సమాధానం: నిజమే. ఫ్లాష్ ఎమ్ఎక్స్ 2004లో వచ్చిన పాలీస్టార్ టూల్, అంటే బహుభుజులు, నక్షత్రాలు గీసేది, జేఎస్ఎఫ్ఎల్‌తో రాసినదే. టూల్స్ ఫోల్డరులో దాని ఫైలు తెరిచి చూస్తే మౌసు నొక్కినప్పుడు, కదిపినప్పుడు, వదిలినప్పుడు ఏం చేయాలో మూడు ఫంక్షన్లలో కనిపిస్తుంది. దాన్ని నకలు తీసి, నక్షత్రం బదులు ముగ్గు చుక్కల వరుస గీసేలా మార్చడం మంచి అభ్యాసం.

ప్యానెల్ విషయంలో తొందర వద్దు. ఒక్క అంకె అడగాలంటే ప్రాంప్ట్ పెట్టె చాలు. నాలుగైదు విలువలు కావాలంటే ఎక్స్ఎమ్ఎల్‌తో వర్ణించే డైలాగు పెట్టె చాలు. రోజంతా తెరిచి ఉంచవలసిన పనికే ప్యానెల్ అవసరం. పాత వెర్షన్లలో ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలునే ప్యానెల్‌గా పెట్టి, ఎమ్ఎమ్ఎగ్జిక్యూట్ అనే ఆదేశంతో జేఎస్ఎఫ్ఎల్‌ను నడిపించేవారు. తర్వాతి వెర్షన్లలో హెచ్‌టీఎంఎల్ ప్యానెళ్లూ వచ్చాయి. ఏ దారిలో వెళ్లినా అసలు పని చేసే స్క్రిప్టును విడి ఫైలులో ఉంచి, ప్యానెల్ దాన్ని పిలిచేలా మాత్రమే రాయండి, ఎందుకంటే ప్యానెళ్ల పద్ధతి మారినంత తరచుగా జేఎస్ఎఫ్ఎల్ మారలేదు.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఫ్లాష్ చూడలేదు. ఇప్పుడు వెబ్‌లో ఇంటరాక్టివ్ యానిమేషన్‌తో ప్రయోగాలు చేయాలంటే సీఎస్ఎస్, ఎస్‌వీజీ, కాన్వాస్, జీఎస్ఏపీ, లాటీ, రైవ్ అని ఎన్నో చెబుతున్నారు. ఏది ముందు నేర్చుకోవాలి? నేర్చుకుంటూనే పనికొచ్చే టూల్ ఏదైనా చేయగలనా?
– ఒక విద్యార్థిని, కరీంనగర్

సమాధానం: వీటిలో ఏది ముందన్నదానికి పెద్ద ప్రాధాన్యం లేదు, సీఎస్ఎస్‌తో మొదలుపెట్టండి, బ్రౌజరు తప్ప ఇంకేమీ అక్కరలేదు. టూల్ సంగతే వివరంగా చెబుతాను.

సీఎస్ఎస్‌తో యానిమేషన్ రాసే ప్రతివారికీ ఎదురయ్యే ఇబ్బంది, అది కళ్లెదుట సర్రున జరిగిపోవడం. మధ్యలో ఆపి, వెనక్కి లాగి చూసే టైమ్‌లైన్ లేదు. దాన్ని మీరే తయారు చేయవచ్చు. డాక్యుమెంటును గెట్‌యానిమేషన్స్ అని అడిగితే ఆ పేజీలోని యానిమేషన్లు, ట్రాన్సిషన్లు అన్నీ జాబితాగా వస్తాయి. ప్రతిదానికీ ఆపే ఆదేశం ఉంది, కరెంట్‌టైమ్ అనే విలువ ఉంది. పేజీ అడుగున ఒక రేంజ్ స్లైడరు పెట్టి, అది కదిలినప్పుడల్లా దాని విలువను మిల్లీసెకన్లుగా ప్రతి యానిమేషనుకూ కరెంట్‌టైమ్‌గా ఇవ్వండి. అంతే, వేలితో లాగి చూసుకునే టైమ్‌లైన్ సిద్ధం. కరెంట్‌టైమ్ లెక్కలో ఆలస్యంగా మొదలయ్యే సమయం కూడా కలిసే ఉంటుంది గనుక, వేర్వేరు ఆలస్యాలు పెట్టిన బొమ్మలు కూడా తమ వంతు వచ్చినప్పుడే కదులుతాయి. ఒక్క జాగ్రత్త: ముగిసిపోయి, చివరి స్థితిని నిలుపుకోని యానిమేషన్లు ఆ జాబితా నుంచి తొలగిపోతాయి. కాబట్టి పేజీ తెరుచుకోగానే జాబితాను ఒకసారి తీసుకుని, వెంటనే అన్నిటినీ ఆపి, ఆ జాబితానే భద్రంగా వాడుకోండి. ఈ టూల్ మొత్తం ముప్పై వరుసలు దాటదు.

తర్వాతి మెట్టుగా వేగపు వక్రతను మార్చే పెట్టె చేర్చండి. సీఎస్ఎస్‌లో క్యూబిక్ బెజియర్‌కు నాలుగు అంకెలు ఇస్తారు. ఈజ్ అనే మామూలు పేరుకు వెనుక ఉన్నవి 0.25, 0.1, 0.25, 1. మొదటిదీ మూడోదీ 0కీ 1కీ మధ్యే ఉండాలి, రెండోదీ నాలుగోదీ ఆ హద్దు దాటవచ్చు. దాటితే బొమ్మ గమ్యాన్ని మించి వెళ్లి వెనక్కి వస్తుంది. నాలుగు స్లైడర్లు, పక్కన గీత, కింద ఆ అంకెలను కాపీ చేసే బటను ఉంటే చాలు. ఒకసారికి ఒక్క అంకెనే మార్చి చూడండి.

కాన్వాస్‌కు వచ్చేసరికి పాత ఫ్లాష్ పాఠం ఒకటి అవసరమవుతుంది. ప్రతి ఫ్రేముకూ మిగిలిన దూరంలో పదో వంతు జరుపు అన్నది ఫ్లాష్ రోజుల్లో అందరికీ కంఠస్థమైన సూత్రం. బొమ్మ వేగంగా మొదలై మెత్తగా ఆగుతుంది. ఫ్లాష్‌లో ఫ్రేమ్‌రేటు ఫైలుకు చెందిన లక్షణం, తయారు చేసినవారు నిర్ణయించేది. బ్రౌజరులో రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్ నడిచేది చూసేవారి తెర వేగాన్ని బట్టి. 60 హెర్ట్జ్ తెర మీద సెకనులో పదో వంతు గడిచేసరికి ఆరు ఫ్రేములు పూర్తయి ఇంకా 53 శాతం దూరం మిగిలి ఉంటుంది. 120 హెర్ట్జ్ ఫోనులో అదే సమయానికి 12 ఫ్రేములు పూర్తయి 28 శాతమే మిగులుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఆగిన బంతి స్నేహితురాలి ఫోనులో దూకినట్టు ఆగడానికి కారణం ఇదే. ఫ్రేమ్‌ఫంక్షనుకు అందే కాలముద్రల తేడాను సెకన్లలో తీసుకుని, దాన్ని ఒక స్థిరాంకంతో గుణించి, ఋణ ఘాతంగా ఎక్స్‌పోనెన్షియల్‌కు ఇచ్చి, వచ్చినదాన్ని 1 నుంచి తీసివేస్తే ఆ ఫ్రేములో జరగవలసిన వంతు వస్తుంది. 60 హెర్ట్జ్ మీద పదో వంతు నడకకు సరిపోయే స్థిరాంకం సుమారు 6.3. దీన్ని కూడా స్లైడరుకు తగిలించండి.

లాటీ గురించి ఒక మాట. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన బొమ్మను బాడీమూవిన్ అనే ప్లగిన్ జేసన్ ఫైలుగా మారుస్తుంది, ఎయిర్‌బీఎన్‌బీ 2017లో విడుదల చేసిన లాటీ దాన్ని ఫోన్లలో ఆడిస్తుంది. టూల్స్ చేయాలనుకునేవారికి ఆ ఫైలు చదవదగినది కావడమే పెద్ద సౌకర్యం. రంగులు అందులో 255 వరకు కాకుండా 0 నుంచి 1 వరకు ఉండే భిన్నాలుగా ఉంటాయి. రంగే యానిమేట్ అవుతుంటే ఏ అనే గుర్తు 1గా ఉండి, విలువ బదులు కీఫ్రేముల జాబితా ఉంటుంది. ఈ రెండు సంగతులు తెలిస్తే పండుగకో పెళ్లికో ఒకే బొమ్మను వేర్వేరు రంగుల్లోకి మార్చి ఇచ్చే పేజీని ఒక సెలవు రోజులో రాసేయవచ్చు.

ప్రశ్న: వారాంతాల్లో ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పుతాను. మాటలోని అక్షరాలు ఒక్కొక్కటిగా ఎగురుతూ వచ్చి చేరేలా వెబ్ పేజీ చేస్తే వత్తులన్నీ విడిపోయి, పొల్లులు ఎక్కడో తేలుతున్నాయి. ఆంగ్లంలో బాగానే వస్తోంది. అక్షరం రాసే తీరును కదిలే గీతగా చూపించడం కూడా కుదరలేదు. ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, డల్లాస్

సమాధానం: మీ ఫాంటులో దోషం లేదు, ముక్కలు చేసే పద్ధతిలో ఉంది. ఆంగ్ల పదాన్ని ముక్కలు చేసే మామూలు ఆదేశం యూనికోడ్ సంకేతాలను విడదీస్తుంది. స్త్రీ అన్న ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అని ఆరు సంకేతాలున్నాయి. ఒక్కొక్కదాన్ని వేరే పెట్టెలో పెట్టగానే బ్రౌజరుకు వాటిని కలిపి ఒత్తుగా మలిచే అవకాశం పోతుంది, మీకు కనిపించిన శకలాలు అవే.

బ్రౌజర్లలో ఉన్న ఇంటల్ సెగ్మెంటర్ సదుపాయాన్ని గ్రాఫీమ్ పద్ధతిలో (కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరాలుగా విడదీసే పద్ధతిలో) వాడితే పరిస్థితి చాలావరకు చక్కబడుతుంది. కానీ చిక్కు ఒకటుంది: పాత యూనికోడ్ నియమం ప్రకారం పొల్లు తర్వాత తెగుతుంది కనుక స్త్రీ మూడు ముక్కలయ్యేది, 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని కలిపి ఉంచే నియమం చేరింది. పిల్లల ఇళ్లలో ఏ బ్రౌజరు, ఏ వెర్షను ఉంటుందో మీ చేతిలో లేదు. అందుచేత నియమాన్ని మీరే రాసుకోవడం మంచిది: ఒక హల్లు, దాని వెంట పొల్లు–హల్లు జంటలు ఎన్నైనా, ఆపై గుణింతపు గుర్తు ఉంటే అది, చివర సున్నగానీ విసర్గగానీ ఉంటే అది; ఇదంతా ఒక ముక్క. అచ్చుతో మొదలైతే అచ్చు, దాని తర్వాతి సున్న లేదా విసర్గ ఒక ముక్క. మాట పొల్లుతో ముగిస్తే ఆ పొల్లు ముందున్న హల్లుతోనే ఉండాలి. సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో ఒత్తు పడకుండా మధ్యలో పెట్టే కనిపించని సంకేతం ఒకటుంటుంది, అది వచ్చిన చోట ముక్క ముగియాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనుగా (అక్షరాల వరుసను వెతికే నమూనాగా) రాస్తే ఇది ఒకే వరుస. స్త్రీ, రాష్ట్రం, కృష్ణ, లక్ష్మి, వేయ్ అన్న మాటలతో పరీక్షించండి. రాష్ట్రంలో ఎనిమిది సంకేతాలుంటాయి గానీ ముక్కలు రెండే రావాలి. లాటీ కోసం చేసే బొమ్మల్లోనైతే తెలుగు రాతను ముందే ఆకృతులుగా మార్చి పెట్టడం నిరపాయం.

రాసే తీరు చూపించే విషయంలో, ఫాంటు నుంచి తీసిన ఎస్‌వీజీ ఆకృతి అక్షరం చుట్టూ ఉండే అంచు గీత. కలం నడిచే దారి అందులో లేదు. గీత నెమ్మదిగా పడినట్టు చూపే ప్రసిద్ధ కిటుకును, అంటే డ్యాష్ పొడవును పూర్తి గీతంత చేసి దాని ఆఫ్‌సెట్‌ను తగ్గించుకుంటూ పోవడాన్ని, ఆ అంచు మీద ప్రయోగిస్తే అక్షరం చుట్టూ పురుగు పాకినట్టు ఉంటుంది. కాబట్టి ముందు రికార్డు చేసే టూల్ కావాలి. ఒక పెద్ద పెట్టెలో లేత రంగులో అక్షరాన్ని చూపి, దాని మీద మీరు వేలితోనో స్టైలస్‌తోనో బడిలో నేర్పే క్రమంలోనే రాయండి; పాయింటర్ సంఘటనల నుంచి ప్రతి బిందువు స్థానాన్నీ, సమయాన్నీ నమోదు చేసి, చేయి ఎత్తినప్పుడల్లా కొత్త గీత మొదలయ్యేలా భద్రపరచండి. తిరిగి చూపేటప్పుడు ప్రతి గీతకూ పాత్‌లెంగ్త్ 1 అని పెడితే డ్యాష్ లెక్క 1 నుంచి 0కి తగ్గించడంగా సులువవుతుంది. బిందువుల సమయం దాచి ఉంచారు గనుక, మీ చేయి మలుపు దగ్గర నెమ్మదించిన చోట తెర మీద గీత కూడా నెమ్మదించేలా చేయవచ్చు. క, ఖ మొదలుకుని ఒక్కో అక్షరాన్ని ఒక్కసారి నమోదు చేస్తే చాలు, ఆ ఫైలు ఇతర ఉపాధ్యాయులకూ పనికొస్తుంది.

ప్రశ్న: మేం చేసిన యానిమేషన్ పేజీ తక్కువ ధర ఫోన్లలో తడబడుతోంది, ఫోను వేడెక్కుతోంది. ఏం తగ్గించాలి?
– ఒక పాఠకుడు, కర్నూలు

సమాధానం: ఎడమ, పై దూరాలు, వెడల్పు, ఎత్తు మార్చే యానిమేషన్లు ఉంటే వాటిని ట్రాన్స్‌ఫార్మ్, ఓపాసిటీలకు మార్చండి, మొదటివాటికి బ్రౌజరు ప్రతి ఫ్రేములో పేజీ అమరికను మళ్లీ లెక్కించాలి, రెండోవాటికి ఆ శ్రమ ఉండదు. తెర బయట ఉన్న కాన్వాస్‌ను గీయడం ఆపివేయండి. కదలికలు తగ్గించమని ఫోను సెట్టింగుల్లో కోరుకున్నవారిని ప్రిఫర్స్ రిడ్యూస్డ్ మోషన్ అనే మీడియా క్వెరీతో గుర్తించి, వారికి స్థిరమైన బొమ్మ చూపండి. తల తిరిగే ఇబ్బంది ఉన్నవారికి అది అవసరం.

ప్రశ్న: కోడు రాయకుండానే యానిమేషన్ కూర్చుకునే చిన్న వెబ్ టూల్ చేశాను. లోపల జీఎస్ఏపీ అనే జావాస్క్రిప్టు యానిమేషన్ లైబ్రరీ వాడాను. దాన్ని ఇతరులకు ఇవ్వవచ్చా?
– ఒక డెవలపరు, బెంగళూరు

సమాధానం: ఇచ్చే ముందు ఆ లైబ్రరీ లైసెన్సు పూర్తిగా చదవండి. వెబ్‌ఫ్లో సంస్థ చేతికి వచ్చాక 2025లో జీఎస్ఏపీ ప్లగిన్లతో సహా వాణిజ్య పనులకు కూడా ఉచితమైంది, మామూలు వెబ్‌సైట్లు చేసేవారికి ఏ ఇబ్బందీ లేదు. కానీ కోడు లేకుండా దృశ్యపరంగా యానిమేషన్ కూర్చే టూల్స్‌లో, వెబ్‌ఫ్లోతో పోటీపడే రీతిలో దాన్ని వాడరాదన్న షరతు ఉంది. మీరు చేసినది అచ్చంగా అలాంటిదే అనిపిస్తోంది. మీ టూల్ కూర్చిన కీఫ్రేములను సొంత జేసన్ రూపంలో భద్రపరుస్తుంటే, ఆడించే భాగాన్ని మాత్రం బ్రౌజరులోనే ఉన్న వెబ్ యానిమేషన్స్ ఏపీఐకి మార్చుకోవచ్చు. స్థానం, పరిమాణం, పారదర్శకత వంటి వాటికి అది సరిపోతుంది. జీఎస్ఏపీ పిలుపులు టూల్ అంతటా చెల్లాచెదురుగా ఉంటే ముందు వాటన్నిటినీ ఒకే ఫైలులోకి చేర్చి, ఆ తర్వాతే మార్పు మొదలుపెట్టండి. అలా కాకుండా జీఎస్ఏపీతోనే కొనసాగాలనుకుంటే టూల్ పనితీరును వివరిస్తూ హక్కుదారులకు రాసి, లిఖితపూర్వక అనుమతి వచ్చాకే విడుదల చేయండి.